లేనిదాన్ని లేదనగలగడమే జ్ఞాపకం

పెద్దవాళ్ల జ్ఞాపకశక్తికి మనం మార్కులు వేస్తాం. ఎన్ని మాటలు, ఎన్ని బొమ్మలు గుర్తుపట్టారన్నది అందులో సగం లెక్కే. చూడనివాటిని ఎన్నిసార్లు చూశామన్నారన్నది మిగతా సగం. అసలు సంగతి ఆ రెండో సగంలోనే ఉంది.

అరవై దాటిన మనిషి కళ్లజోడు వెతుక్కుంటే 'వయసైపోయింది' అంటాం. ముప్ఫయ్యేళ్లవాడు బండి తాళం వెతుక్కుంటే 'హడావుడి మనిషి' అంటాం. వయసంటేనే మతిమరుపు అన్న ఈ నమ్మకానికి 1966లో గట్టి దెబ్బ తగిలింది. కెనడాలో షోన్‌ఫీల్డ్, రాబర్ట్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇరవైల్లో ఉన్నవారి నుంచి అరవై దాటినవారి దాకా వేర్వేరు వయసుల వాళ్లకు 24 మాటల జాబితాలు చూపించారు. తర్వాత రెండు రకాలుగా ప్రశ్నించారు. ఒక జాబితా విషయంలో, గుర్తున్న మాటలన్నీ చెప్పమన్నారు. ఇంకో జాబితా విషయంలో కొన్ని మాటలు ఎదురుగా పెట్టి, వాటిలో చూసినదేదో చూపించమన్నారు. మొదటి పద్ధతిలో ఇరవైల్లో ఉన్నవారు సుమారు 14 మాటలు చెప్పగా, అరవై దాటినవారు ఏడెనిమిది దగ్గరే ఆగిపోయారు. రెండో పద్ధతిలో అన్ని వయసుల వాళ్లూ ఇంచుమించు 20 దగ్గర నిలిచారు. అంటే పెద్దవాళ్ల మెదడులోంచి ఆ మాటలు చెరిగిపోలేదు. అడిగిన తీరు మారితే బయటికొస్తాయి.

ఈ ఫలితం ఊరటనిచ్చేదే. కానీ ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా సాగిన పరిశోధన ఆ ఊరటకు ఒక షరతు పెట్టింది. చూసినదాన్ని చూశానని చెప్పడంలో పెద్దవాళ్లు పెద్దగా వెనకబడరు. చూడనిదాన్ని చూడలేదని చెప్పడంలోనే తడబడతారు. అందుకే వృద్ధుల జ్ఞాపకాన్ని 'అవును'ల సంఖ్యతో కొలిస్తే రెండు వైపులా మోసపోతాం. ఆరోగ్యంగా ఉన్నవారికి లేని జబ్బు అంటగడతాం, జబ్బు మొదలైనవారిని బాగున్నారని ఇంటికి పంపేస్తాం. ఏ తప్పు చేశారు, ఎటువైపు చేశారు, దేని విషయంలో చేశారు అన్న మూడు ప్రశ్నలు వేసినప్పుడే పరీక్షకు అర్థం ఉంటుంది.

వెతకడం వేరు, పోల్చుకోవడం వేరు

ఏ ఆధారమూ లేకుండా తలచుకుని చెప్పాలంటే మెదడు తన దారి తనే వేసుకోవాలి. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టాలంటే ఆ వస్తువే దారి చూపిస్తుంది. టొరంటోలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫెర్గస్ క్రేక్ 1980లలో ఈ తేడాకు ఒక సూత్రం ఇచ్చాడు. వయసుతో ముఖ్యంగా తగ్గేది సొంతంగా వెతికి తీసే శక్తి, బయటి నుంచి ఆసరా ఎంత దొరికితే పెద్దలకూ యువకులకూ మధ్య దూరం అంత తగ్గుతుంది అన్నాడు. గుర్తుపట్టే శక్తి మనుషుల్లో ఎంత విశాలమో రోజర్ షెపర్డ్ 1967లోనే చూపించాడు. 540 మాటలు చూసినవాళ్లు, తర్వాత జంటలుగా ఇచ్చినవాటిలో చూసిన మాటను సుమారు 88 శాతం సార్లు సరిగ్గా పట్టుకున్నారు. 612 బొమ్మలు చూసినవాళ్లు 97 శాతం సార్లు పట్టుకున్నారు. ఇంత పెద్ద గోదాములో వయసు వల్ల ఏం పోతోందో తెలియాలంటే, ఎన్ని సరుకులున్నాయని లెక్కపెడితే చాలదు.

క్లినిక్కుల్లో వాడే పరీక్షలు ఈ గుర్తుపట్టే శక్తిని రకరకాలుగా తడుముతాయి. సెరాడ్ అనే పరీక్షల సమూహంలో పది మాటలు నేర్పించి, తర్వాత వాటిని పది కొత్త మాటలతో కలిపి అడుగుతారు. బీవీఎంటీ అనే మరో పరీక్షలో ఆరు జ్యామితీయ ఆకృతులు చూపించి, తర్వాత పన్నెండింటిలో ఆ ఆరింటిని పోల్చుకోమంటారు. లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్ 1984లో ప్రచురించిన పరీక్షలో 50 మాటలు, 50 ముఖాలు ఉంటాయి. అందులో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఏది చూశారో తేల్చుకోమంటారు. మొదటి రెండింట్లో ప్రతి దానికీ విడిగా 'అవును' లేదా 'కాదు' చెప్పాలి. మూడోదాంట్లో రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. చూడటానికి ఇది ప్రశ్నపత్రం తయారీకి సంబంధించిన చిన్న తేడాలా ఉంటుంది. కానీ జవాబు చెప్పే మనిషి స్వభావం ఎంతవరకు లెక్కలో కలుస్తుందో తేల్చేది ఇదే.

మూడు జవాబు పత్రాలు

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక పరీక్షలో చూసిన మాటలు 20, చూడనివి 20. మొదటి వ్యక్తి చూసినవాటిలో 18కి 'అవును' అన్నాడు, చూడనివాటిలో రెండింటికి కూడా 'అవును' అన్నాడు. రెండో వ్యక్తి కూడా చూసినవాటిలో 18 పట్టాడు గానీ, చూడనివాటిలో 12కి తల ఊపేశాడు. మూడో వ్యక్తి చూసినవాటిలో 12 మాత్రమే ఒప్పుకున్నాడు, చూడనివాటిలో ఒక్కదానికీ 'అవును' అనలేదు. 'అవును'లు మాత్రమే లెక్కపెట్టే రిపోర్టులో మొదటి ఇద్దరూ సమానం, మూడో మనిషి అనుమానితుడు. మొత్తం 40 నిర్ణయాల్లో సరైనవెన్నో చూస్తే లెక్క తలకిందులవుతుంది. మొదటి వ్యక్తికి 36, మూడో వ్యక్తికి 32, రెండో వ్యక్తికి 26. జ్ఞాపకం బలహీనపడింది రెండో మనిషికి. మూడో మనిషికి ఉన్నది అతి జాగ్రత్త.

ఈ రెండింటినీ విడదీసే లెక్క మనస్తత్వ శాస్త్రంలో పుట్టలేదు. రాడార్ తెర మీద కనబడిన చుక్క విమానమా, ఉత్త గోలా అని తేల్చాల్సిన ఇంజినీర్ల దగ్గర పుట్టింది. సిగ్నల్ డిటెక్షన్ సిద్ధాంతం అంటారు దాన్ని. 1950లలో అది రూపు దిద్దుకుంది, 1958లో జేమ్స్ ఈగన్ దాన్ని జ్ఞాపకానికి వర్తింపజేశాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ వేరు చేయగల సత్తా ఒక కొలత, అనుమానం వచ్చినప్పుడు ఎటు మొగ్గుతామన్నది వేరే కొలత. జ్ఞాపకం ఎంత బాగున్నా భయస్తుడు 'కాదు' వైపు జారుతాడు, మొహమాటస్తుడు 'అవును' వైపు జారుతాడు.

ఈ విభజన పుస్తకాలకే పరిమితమైతే ఇంత చెప్పుకోనక్కర్లేదు. 1977లో మిల్లర్, లూయిస్ అనే పరిశోధకులు డిప్రెషన్‌తో బాధపడే వృద్ధులనూ, డిమెన్షియా ఉన్న వృద్ధులనూ, ఆరోగ్యవంతులనూ ఇదే పద్ధతిలో పోల్చారు. డిమెన్షియా ఉన్నవారిలో పాతకొత్తలను వేరు చేసే సత్తాయే తగ్గింది. డిప్రెషన్ ఉన్నవారిలో ఆ సత్తా ఆరోగ్యవంతులతో సమానంగా ఉంది గానీ, 'అవును' అనడానికి వాళ్లు వెనకాడారు. 'నాకేమీ గుర్తుండటం లేదు డాక్టరుగారూ' అనే ఫిర్యాదు రెండు చోట్లా ఒకేలా వినిపిస్తుంది. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. మార్కులు మాత్రమే చూసే పరీక్ష ఈ ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది.

నిదానాన్ని మతిమరుపుగా లెక్కవేయడం ఇలాంటి పొరపాటే. రోజర్ రాట్‌క్లిఫ్, అంజలి థాపర్, గెయిల్ మెక్‌కూన్ 2004లో ప్రచురించిన విశ్లేషణలో, మాటలను గుర్తుపట్టేటప్పుడు పెద్దవాళ్లు తీసుకునే అదనపు సమయాన్ని భాగాలుగా విడదీసి చూశారు. ఆలస్యంలో పెద్ద భాగం రెండు చోట్ల కనబడింది. ఒకటి, జవాబు చెప్పే ముందు ఎక్కువ ఆధారం కూడేదాకా ఆగే జాగ్రత్త. రెండోది, చూడటానికీ బటన్ నొక్కడానికీ పట్టే వ్యవధి. జ్ఞాపకం నుంచి అందే ఆధారం నాణ్యతలో మాత్రం అరవై నుంచి డెబ్భై అయిదేళ్ల వారికీ కాలేజీ విద్యార్థులకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరీక్షకు గడియారం పెట్టి మార్కులు తగ్గించేవాళ్లు శిక్షిస్తున్నది ఆ జాగ్రత్తనే.

తెలిసినట్టుండటం, తెలిసి ఉండటం

అలాగని వయసు ఏమీ చేయదనుకోవడం ఆత్మవంచన. స్కాట్ ఫ్రాండార్ఫ్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నిటినీ గుదిగుచ్చి 2019లో చేసిన సమీక్షలో రెండు విషయాలు తేలాయి. పాతకొత్తలను వేరు చేసే సత్తా వయసుతో ఒక మోస్తరుగా తగ్గుతుంది. దాంతోపాటు పెద్దవాళ్ల మొగ్గు యువకుల కన్నా 'అవును' వైపు ఎక్కువగా ఉంటుంది. ఎందుకన్న ప్రశ్నకు జవాబు గుర్తుపట్టడం అనే పనిలోనే ఉన్న రెండు దారుల్లో దొరుకుతుంది. జార్జ్ మాండ్లర్ 1980లో ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ చెబుతారు. రోజూ మాంసం కొట్టులో చూసే మనిషి బస్సులో ఎదురైతే ఎక్కడో చూశామని గట్టిగా అనిపిస్తుంది, ఎక్కడో ఎంతకీ తట్టదు. ఆ 'ఎక్కడో చూశాం' అన్నది పరిచయ భావన. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్న వివరాలతో సహా పైకి రావడం స్మరణ. వయసుతో బాగా దెబ్బతినేది స్మరణ. అది ప్రధానంగా మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం మీద ఆధారపడుతుంది. పరిచయ భావన మాత్రం చాలావరకు నిలిచే ఉంటుంది. వివరాలు అందనప్పుడు ఆ భావన మీదే భారం వేస్తే 'అవును'లు పెరుగుతాయి. చూసినవాటికి అవి సరిపోతాయి, చూడనివాటి దగ్గర పట్టిస్తాయి.

మాటలతో చేసిన ప్రయోగాల్లో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మంచం, విశ్రాంతి, మెలకువ, అలసట, కల వంటి మాటలు వరసగా వినిపించి, 'నిద్ర' అన్న మాట విన్నారా అని అడిగితే విన్నామంటారు. ఆ మాట జాబితాలోనే ఉండదు. జేమ్స్ డీస్ 1959లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని హెన్రీ రోడిగర్, కాథ్లీన్ మెక్‌డెర్మట్ 1995లో తిరిగి వెలుగులోకి తెచ్చారు. వాళ్ల మొదటి ప్రయోగంలో, వినని ఆ మాటకు విద్యార్థులు 'విన్నాం' అన్న జోరు నిజంగా విన్న మాటలతో దాదాపు సమానంగా ఉంది. అంటే ఈ ఉచ్చులో ఏ వయసువాళ్లయినా పడతారు. పెద్దవాళ్లకు అందులోంచి బయటపడటం ఇంకాస్త కష్టమని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. వాళ్ల దగ్గర జాబితా సారాంశం భద్రంగానే ఉంటుంది, ఏ మాట విన్నారన్న వివరమే జారిపోతుంది.

ఆకృతులు పరీక్షలోకి రావాల్సిన అవసరం ఇక్కడే తెలుస్తుంది. విల్మా కూట్‌స్టాల్, డేనియల్ షాక్టర్, వాళ్ల సహచరులు 2003లో రెండు రకాల బొమ్మలు వాడారు. కొన్ని అందరికీ తెలిసిన వస్తువులు, కొన్ని పేరూ అర్థమూ లేని ఆకారాలు. తెలిసిన వస్తువుల్లో చూసినవాటిని పోలిన కొత్త బొమ్మలు పెట్టినప్పుడు వృద్ధులు యువకుల కన్నా ఎక్కువగా 'చూశాం' అన్నారు. అర్థం లేని ఆకారాల విషయంలో ఆ అదనపు పొరపాటు కనబడలేదు. ఈ ఫలితాన్ని కాస్త ఆగి చదవాలి. లోపం అంతా కంటిదో, జ్ఞాపకానిదో అయితే అర్థం లేని ఆకారాలే వాళ్లను ఎక్కువ బోల్తా కొట్టించాలి. జరిగింది దానికి విరుద్ధం. అరవై డెబ్భై ఏళ్లు పోగుచేసుకున్న లోకజ్ఞానం ప్రతి కొత్త వస్తువునూ 'ఇది ఆ కోవదే' అని ఒక అరలో సర్దేస్తుంది. ఏ అర అన్నది గుర్తుంటుంది, అందులో ఏ వస్తువన్నది చెదిరిపోతుంది. మాటలూ ఆకృతులూ రెండూ ఉన్న పరీక్షకున్న విలువ ఇదే. జ్ఞానం తెచ్చిపెట్టే పొరపాటునూ, జ్ఞాపకం సన్నగిల్లడం వల్ల వచ్చే పొరపాటునూ విడివిడిగా చూసే వీలు దొరుకుతుంది.

జాబితాలకూ జీవితానికీ ఏం సంబంధం?

ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఇది. మనవల పేర్లు, పొలం గట్లు, పెన్షన్ తేదీలు గుర్తుంటే చాలదా, తలాతోకా లేని మాటలూ వంకర ఆకారాలూ ఎవరికి కావాలి అంటారు. తలాతోకా లేకపోవడమే వాటి ప్రయోజనమని కూట్‌స్టాల్ బృందం ప్రయోగం చెబుతోంది. మనవడి పేరు జ్ఞాపకం ఉండటం వెయ్యిసార్లు వల్లెవేసిన ఫలితం. నిన్న సాయంత్రం ఒకే ఒక్కసారి జరిగినదాన్ని మెదడు పట్టుకుందా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు. పైగా పరీక్ష గదిలో కనబడే పొరపాటే నిత్యజీవితంలోనూ నష్టం చేస్తుంది. లారీ జాకోబీ 1999లో ఒక ప్రయోగం చేశాడు. కొన్ని మాటలు చదివించాడు, కొన్ని వినిపించాడు. తర్వాత విన్నవాటికి మాత్రమే 'అవును' అనమన్నాడు. చదివిన మాటను ఎక్కువసార్లు చూసేకొద్దీ యువకులు దాన్ని తేలిగ్గా పక్కనపెట్టారు. పెద్దవాళ్లు మాత్రం చూసేకొద్దీ ఎక్కువగా 'విన్నాం' అన్నారు. పదేపదే ఎదురైన మాట దగ్గరిదనిపిస్తుంది, అది వచ్చిన దారి మాత్రం గుర్తుకురాదు.

2005లో ఇయాన్ స్కర్నిక్, కరోలిన్ యూన్, డెనిస్ పార్క్, నార్బర్ట్ ష్వార్జ్ దీన్ని వినియోగదారుల సమాచారం మీద పరీక్షించారు. ఆరోగ్యానికి సంబంధించిన కొన్ని వాక్యాలు అబద్ధమని పదేపదే హెచ్చరించారు. అప్పటికప్పుడు ఆ హెచ్చరిక పెద్దవాళ్లకు పనికొచ్చింది. మూడు రోజులు గడిచాక, ఎక్కువసార్లు అబద్ధమని చెప్పిన వాక్యాన్నే వాళ్లు ఎక్కువగా నిజమనుకున్నారు. 'ఆ పసరు కీళ్లనొప్పులకు పనిచేయదు' అని ఇంట్లో పదిసార్లు చెబితే, వారం తిరిగేసరికి 'పసరు, కీళ్లనొప్పులు' అన్న రెండే మిగిలే ప్రమాదం ఉంది. బ్యాంకు పేరుతో ఫోన్ చేసే మోసగాళ్లూ, వాట్సాప్‌లో తిరిగే నాటు వైద్యాలూ బతికేది ఈ పరిచయ భావన మీదే. 'అవును' లెక్క బాగున్న పెద్దమనిషి కూడా ఇక్కడ చిక్కుకోవచ్చు. ఎంత తేలిగ్గా చిక్కుతారో చెప్పగలిగేది 'కాదు' లెక్క.

మన పెద్దలకు ఈ కొలత న్యాయమైనదేనా?

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఈ పరీక్షలు చదువుకున్న పాశ్చాత్యుల కోసం తయారైనవి, వేలిముద్ర వేసే మన అవ్వలకూ తాతలకూ వర్తిస్తాయా అన్నది. ఇందులో నిజం ఉంది. పోర్చుగల్‌లో అలెగ్జాండ్రా రీస్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, బడి మొహం చూడని మహిళలు నిజమైన వస్తువులను చదువుకున్నవారితో సమానంగా గుర్తుపట్టి పేరు చెప్పారు. అవే వస్తువులు కాగితం మీద గీతలుగా కనబడినప్పుడు వెనకబడ్డారు. గీతలను వస్తువుగా చదవడం కూడా బడిలో అబ్బే విద్యే. అలాంటప్పుడు ఆకృతుల పరీక్షలో వచ్చిన తక్కువ మార్కును డిమెన్షియా ఖాతాలో వేస్తే అన్యాయమే అవుతుంది.

దీనికి మందు పరీక్షను పక్కన పడేయడం కాదు, ఇక్కడి మనుషుల మీద దాన్ని మళ్లీ నిర్మించుకోవడం. ఆ పని మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాలతో పాటు తెలుగులోనూ ఉంది. ఎయిమ్స్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి నడిపిన లాసీ-డాడ్ అధ్యయనం దేశమంతటా అరవై దాటిన 4,096 మందిని పరీక్షించింది. విన్న మాటలను కొత్తవాటి మధ్య గుర్తుపట్టడం ఆ పరీక్షల్లో ఒకటి. అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందన్న అంచనా 2023లో అక్కడి నుంచే వచ్చింది. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. రెండో భాష వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. చదువురాని వారిలోనూ ఆ తేడా కనబడింది. తెలుగూ ఉర్దూ కలగలిసిన ఊళ్లో బతికిన మెదడుకు, ఒకే భాషలో బతికినవారి సగటు మార్కును గీటురాయిగా పెట్టలేమన్నది దీని సారం. ఇంగ్లీషు జాబితాను తెలుగులోకి దించి ఊరుకుంటే కూడా సరిపోదు. మాటల వాడుక, పొడవు, ఒకదానితో ఒకటికున్న చుట్టరికం తెలుగు వాళ్లలో ఎలా ఉందో విడిగా చూసుకోవాలి.

పరీక్ష పెట్టే తీరు కూడా మార్కును మారుస్తుంది. సింథియా మే, లిన్ హ్యాషర్ బృందం 1993లో యువకులనూ వృద్ధులనూ ఉదయం పూటా, సాయంత్రం పూటా గుర్తుపట్టే పరీక్షలో పోల్చింది. సాయంత్రం పెద్దగా ఉన్న తేడా ఉదయం బాగా తగ్గిపోయింది. తమారా రాహాల్, హ్యాషర్ 2001లో ఒకే పరీక్షను రెండు పేర్లతో పెట్టారు. 'ఇది జ్ఞాపకశక్తి పరీక్ష' అన్నప్పుడు వృద్ధులు వెనకబడ్డారు, ఆ ప్రస్తావన లేకుండా కొత్త సంగతులు నేర్చుకునే పనిలా చెప్పినప్పుడు ఆ తేడా మాయమైంది. కొడుకు చెయ్యి పట్టుకుని సాయంత్రం అయిదింటికి క్లినిక్‌లో కూర్చున్న పెద్దమనిషి మార్కులో జ్ఞాపకం ఎంత, అలసట ఎంత, భయం ఎంత?

పెద్దలనూ యువకులనూ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పనే వాదన ఇంకొకటి ఉంది. రెండు తరాల చదువు, తిండి, ఆరోగ్యం వేరైనప్పుడు తేడా అంతా వయసుదే అనలేమన్నది దాని ఆధారం. స్వీడన్‌లోని ఉమియో నగరంలో 1988లో మొదలైన బెటులా అధ్యయనం ఈ వాదనకు బలమిచ్చింది. వేర్వేరు వయసుల వారిని ఒకేసారి పోల్చితే ముప్ఫై అయిదు నుంచే సంఘటనల జ్ఞాపకం దిగజారుతున్నట్టు కనబడింది. అవే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించి, పరీక్ష అలవాటు వల్ల పెరిగే మార్కులను తీసేసి చూస్తే, అరవై దాకా చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని 2005లో తేల్చారు. కాబట్టి ఒక మనిషికి సరైన పోలిక పక్కింటి యువకుడితో కుదరదు. రెండేళ్ల కిందటి తనతోనే పోల్చుకోవాలి. అరవయ్యో ఏట ఒకసారి పరీక్ష రాసిపెట్టుకుంటే, డెబ్భైలో వచ్చే అనుమానానికి అది కొలబద్ద అవుతుంది.

రిపోర్టులో రెండు అంకెలు

వీటన్నిటినీ బట్టి చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మతిమరుపని వచ్చిన పెద్దవారికి ముందుగా చెవులు, కళ్లు, థైరాయిడ్, బి12, నిద్రమాత్రలు, డిప్రెషన్ చూడాలి. పరీక్ష ఉదయం పెట్టాలి, గడియారంతో తరమకూడదు. మాటలతో పాటు ఆకృతులూ ఉండాలి. బడికి వెళ్లనివారికి కాగితం మీది గీతలకు బదులు నిజం వస్తువులు వాడే వీలుండాలి. ఇంట్లోవాళ్లు 'అది వద్దు' అని పదిసార్లు చెప్పేకన్నా 'ఇది చేయండి' అని ఒకసారి చెప్పి, ఆ ఒక్కటీ రాసి గోడకు పెట్టడం మేలు. మాటకు బొమ్మ తోడైతే ఇంకా మంచిది. జాబితాలోని ప్రతి మాటతోపాటు దాని బొమ్మా చూపించినప్పుడు వృద్ధుల్లో కూడా వినని మాటకు 'విన్నాం' అనే పొరపాటు తగ్గిందని షాక్టర్ బృందం 1999లో చూపించింది. ప్రత్యేకమైన వివరం ఒకటి అంటుకుని ఉన్నప్పుడు, అది కనబడకపోతే 'కాదు' అనే ధైర్యం వస్తుంది. వయసు వల్ల జారిన స్మరణకు బయటి నుంచి ఇవ్వగల ఆసరా అది.

అన్నిటికన్నా ముందు మారాల్సింది రిపోర్టు. చూసినవాటిలో ఎన్ని పట్టారన్న అంకె ఒక్కటే ఇప్పుడు ఇంటివాళ్ల కంట పడుతుంది, వాళ్లను భయపెట్టినా, వాళ్లకు ధైర్యమిచ్చినా అదే. దాని పక్కన, చూడనివాటిలో ఎన్నింటిని చూశానన్నారో రెండో అంకె తప్పనిసరిగా ఉండాలి. ఆ జవాబులు అప్పటికే పరీక్ష పెట్టినవారి కాగితం మీద ఉంటాయి, వాటిని లెక్కగట్టి రాయడానికి అదనంగా పట్టేది ఒక్క నిమిషం. తల్లికో తండ్రికో పరీక్ష చేయించిన ప్రతి ఒక్కరికీ ఆ రెండో అంకె ఎంతని డాక్టరును అడిగే హక్కుంది. అది తెలియకుండా 'మతి బాగుంది' అన్నా, 'మతి పోతోంది' అన్నా, సగం పరీక్షకే తీర్పు చెప్పినట్టవుతుంది.